చలికాలం సైకిల్ సవారీ: ఒళ్లంతా వేడెక్కినా మోకాలు ఎందుకు చల్లగా ఉంటుంది?

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తొక్కేవాళ్లను గమనిస్తే, చలికి ఎవరు ఏం కప్పుకుంటున్నారో తెలుస్తుంది. తలకు మంకీ క్యాప్, చేతులకు గ్లౌజులు, జెర్సీ మీద విండ్‌చీటర్. కింద మాత్రం చాలామందికి షార్ట్సే. చలి తెలిసేది చెవులకు, వేళ్లకు, ఛాతీకి కాబట్టి వాటిని కప్పుకుంటారు. మోకాలు వెంటనే ఏమీ అనదు కాబట్టి దాన్ని వదిలేస్తారు. రెండు మూడు వారాలు ఇలా గడిచాక మెట్లు దిగుతుంటే చిప్ప కింద సన్నగా లాగుతుంది. అప్పుడు కూడా అనుమానం వయసు మీదకో, సైకిల్ మీదకో పోతుంది గానీ చలి మీదకు పోదు.

నిజానికి సైకిల్ తొక్కే మనిషి ఒంట్లో వేడికి కొరత లేదు. పెడళ్ల మీద 150 వాట్ల శక్తి పెట్టాలంటే శరీరం లోపల దాదాపు 650 వాట్లు ఖర్చు చేయాలి. అందులో నాలుగో వంతు కంటే తక్కువే చక్రానికి చేరుతుంది, మిగిలిన 500 వాట్లు వేడిగా మారిపోతాయి. పది నిమిషాలు తొక్కేసరికి చలిలో కూడా వీపు తడవడానికి కారణం అదే. అంత వేడి తయారవుతుంటే మోకాలికి చలి ఎందుకు?

వేడి పుట్టేది కండరంలో. తొడ ముందు భాగం, తొడ వెనక భాగం, పిరుదులు, పిక్కలు, పని చేసేవి ఇవి. మోకాలి ముందు భాగంలో కండరం దాదాపు లేదు. చర్మం, దాని కింద పల్చటి పొర, చిప్ప, చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే టెండన్, అంతే. కొవ్వు కూడా పెద్దగా ఉండదు. టెండన్‌కు రక్త సరఫరా కండరంతో పోలిస్తే చాలా తక్కువ. అంటే మోకాలు తనంతట తాను వేడి పుట్టించుకోలేదు, పక్కనున్న కండరాల నుంచి రక్తం తెచ్చిపెట్టే వేడి మీదే బతకాలి. చలి తగిలిన చోట చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎందుకంటే శరీరానికి ముఖ్యం గుండె, మెదడు ఉన్న నడిమి భాగం. దాంతో అసలే తక్కువగా వచ్చే వేడి ఇంకా తగ్గుతుంది.

ఆరోగ్యంగా ఉన్న మోకాలి కీలు లోపలి ఉష్ణోగ్రత కూడా 37 డిగ్రీలు ఉండదు, మామూలు గదిలోనే 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. కీళ్ల డాక్టర్లు మోకాలిని పరీక్షించేటప్పుడు అరచేతి వెనక భాగాన్ని తొడ మీద, తర్వాత చిప్ప మీద, తర్వాత ముంగాలి మీద ఆనించి చూస్తారు. మూడింటిలో చిప్పే కాస్త చల్లగా తగలాలి. అది పక్క భాగాలంత వెచ్చగా ఉంటే లోపల వాపు ఉందేమోనని అనుమానిస్తారు. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఇప్పుడే చూసుకోవచ్చు. అంటే మోకాలు చలిలోకి వెళ్లేటప్పటికే మిగతా కాలి కంటే చల్లగా ఉంటుంది, కోల్పోవడానికి దాని దగ్గర మిగులు వేడి లేదు.

ఇక చల్లబడితే నష్టం ఏమిటి? కీలు లోపల ఎముకల చివర్లు ఒరుసుకోకుండా ఒక జిగట ద్రవం ఉంటుంది. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ, చలికి ఆముదం ఇంకాస్త గట్టిపడినట్టు, అది చిక్కబడుతుంది. కదలికకు ప్రతిఘటన పెరుగుతుంది, మోకాలు పట్టేసినట్టు అనిపించడానికి ఇదొక కారణం. టెండన్ కూడా చల్లబడితే బిగుసుకుని, సాగే గుణం కొంత కోల్పోతుంది. తొడ కండరం మీద ప్రభావం ఇంకా స్పష్టంగా ఉంటుంది. కండరం ఒక్క డిగ్రీ చల్లబడినా గరిష్ఠ శక్తిలో కొన్ని శాతాలు తగ్గుతాయి. పెడల్ ఎంత వేగంగా తిప్పితే ఆ తగ్గుదల అంత ఎక్కువ. అందుకే చలిలో తెలియకుండానే అందరూ నెమ్మదిగా, పెద్ద గేర్‌లో, పెడల్‌ను గట్టిగా నొక్కుతూ తొక్కడం మొదలుపెడతారు. ఒక్కో నొక్కుకు మోకాలి మీద పడే బరువు పెరుగుతుంది. ఇదే అసలు చిక్కు. నిమిషానికి 85 చుట్లు తిప్పితే గంటకు ఒక్కో మోకాలు 5,100 సార్లు వంగి లేస్తుంది. ఒక్కసారికి లెక్కలోకి రానంత అదనపు ఒత్తిడి, బిగుసుకున్న టెండన్ మీద అన్ని వేల సార్లు పడితే అది ఎర్రబడి, వాచి, నొప్పిగా తేలుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట చెప్పాలి. చలిలో సైకిల్ తొక్కితే కీళ్లు అరిగిపోతాయని, ఆర్థరైటిస్ వస్తుందని ఇళ్లలో పెద్దవాళ్లు భయపెడుతుంటారు. చలి ఒక్కటే ఆ పని చేయదు. చలిదేశాల్లో లక్షల మంది ఏడాదంతా తొక్కుతూనే ఉన్నారు. దెబ్బ తగిలిన మోకాలికి ఐస్ పెట్టేది కూడా మనమే కదా. తేడా ఎక్కడంటే, ఐస్ పెట్టినప్పుడు కాలు కదపకుండా పడుకుంటాం. చల్లబడిన మోకాలితో బరువు లాగించడం వేరు. చలి చేసేది మోకాలి ఓర్పును తగ్గించడం. ఆ తగ్గిన ఓర్పు మీద పెద్ద గేరు, సరిగా లేని సీటు ఎత్తు, ఎక్కువ దూరం వచ్చి పడినప్పుడు గాయం అవుతుంది. చలికి ఇలాంటివి తోడైనప్పుడు ఏమవుతుందో 1980లో ప్రపంచమంతా చూసింది.

ఆ ఏడాది ఏప్రిల్ 20న బెల్జియంలో లీజ్-బాస్టోన్-లీజ్ రేసు మంచు తుఫానులో జరిగింది. 174 మంది బయలుదేరితే 21 మంది మాత్రమే పూర్తి చేశారు. ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ ఇనో తొమ్మిది నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు గానీ, చలికి అతని చేతివేళ్లలో స్పర్శ దెబ్బతింది. జూన్, జూలైలో వచ్చిన టూర్ ద ఫ్రాన్స్ మొదటి భాగం కూడా వానలో, చలిలో, ఉత్తర ఫ్రాన్స్ రాతిపలకల రోడ్ల మీద సాగింది. పెద్ద గేర్లను బలంగా తొక్కే అలవాటున్న ఇనో మోకాలి టెండన్ వాచింది. రేసులో ముందున్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీ ఒంటి మీద ఉండగానే, ఫ్రాన్స్‌లోని పో (Pau) పట్టణంలో ఒక రాత్రి రేసు వదిలేసి వెళ్లిపోయాడు. ఆగస్టు ఆఖరుకు కోలుకుని సలాంష్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1983లో మళ్లీ మోకాలే మొరాయించింది. ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది, ఆ ఏడాది టూర్‌లో లేడు. అతని మోకాలిని పాడు చేసింది చలేనని ఎవరూ అనలేరు. కానీ చలి, తడి, బరువైన గేరు కలిసి వచ్చిన వారాల్లోనే అంత గట్టి మనిషి మోకాలు కూడా లొంగింది. ఐరోపా కోచ్‌లు వసంతకాలపు శిక్షణలో 18, 20 డిగ్రీల కంటే తక్కువ ఉంటే మోకాళ్లు కప్పుకోమని పట్టుబట్టేది ఊరికే కాదు.

మన చలికి అంత హడావుడి అవసరమా అనిపించవచ్చు. హైదరాబాద్‌లో థర్మామీటర్ పన్నెండో, పద్నాలుగో చూపిస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, ఇటు లంబసింగి, అరకు వైపు కొన్ని తెల్లవారుజాములు ఐదారు డిగ్రీలకు దిగుతాయి, లంబసింగిలో అంతకంటే కిందికి కూడా. అయితే థర్మామీటర్ చూపించేది కదలని గాలి సంగతి. సైకిల్ మీద మనిషి తన గాలిని తానే పుట్టించుకుంటాడు.

గాలి వేగాన్ని బట్టి చర్మానికి చలి ఎంత తెలుస్తుందో లెక్కగట్టే సూత్రం ఒకటి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్నాయి. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 25 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి 7 డిగ్రీల్లా ఉంటుంది. 5 డిగ్రీల దగ్గర లెక్క చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 10 కిలోమీటర్ల వేగానికే అది 3 డిగ్రీల్లా అనిపిస్తుంది, 30కి సున్నా, 50కి మైనస్ 1. అంటే గాలి చేసే నష్టంలో పెద్ద భాగం తక్కువ వేగంలోనే జరిగిపోతుంది. ‘మేం మెల్లగా తొక్కేవాళ్లం, మాకెందుకు ఈ జాగ్రత్తలన్నీ’ అనుకునేవాళ్లు దీన్ని గమనించాలి. మెల్లగా తొక్కేవారికి గాలి తగిలేది కొంచెం తక్కువ, కండరంలో వేడి పుట్టేది చాలా తక్కువ. రెండూ లెక్కేస్తే వాళ్ల మోకాలే ఎక్కువ చల్లబడవచ్చు.

మోకాలి స్థానం కూడా దానికి అనుకూలం కాదు. హ్యాండిల్ వెనక ఛాతీకి కొంత చాటు దొరుకుతుంది. మోకాలు మాత్రం ప్రతి చుట్టుకూ పైకి, ముందుకు వచ్చి ఎదురుగాలికి నేరుగా తగులుతుంది. చర్మాన్ని అంటుకుని ఉండే పల్చటి వెచ్చటి గాలి పొర నిలబడే అవకాశమే ఉండదు. పైగా కాలు వంగినప్పుడు వదులు ప్యాంటు గుడ్డ సరిగ్గా చిప్ప మీద బిగుసుకుంటుంది. ట్రాక్ ప్యాంటు వేసుకున్నా మోకాలు చల్లగా ఉందనేవారి మాట నిజమే. గుడ్డ ఉంది, దాని కింద గాలి పొర లేదు.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి ఎక్కుతున్నంతసేపూ ఒళ్లు కాలిపోతుంటుంది, కప్పుకున్నవన్నీ తీసేయాలనిపిస్తుంది. పైకి చేరి టీ తాగి దిగడం మొదలుపెట్టగానే కాళ్లకు పని ఆగిపోతుంది. ఒంట్లో పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది, గాలి వేగం రెట్టింపు దాటుతుంది, దానికి పొగమంచు తడి, ఎక్కేటప్పుడు పట్టిన చెమట తోడవుతాయి. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అరగంట దిగాక మైదానంలో మొదటి గట్టి తొక్కు పడేది గడ్డకట్టినట్టున్న మోకాలి మీద. కప్పుకోవలసింది కొండ మీద, దిగడానికి ముందు. చలి తెలిశాక మధ్యలో ఆగి కప్పుకుంటే పోయిన వేడి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది.

1988 జూన్ 5న ఇటలీలో ‘జిరో ద ఇటాలియా’ రేసు 2,600 మీటర్లు దాటిన గావియా కనుమ మీదుగా వెళ్లినప్పుడు మంచు కురిసింది. శిఖరాన్ని అందరికంటే ముందు దాటిన యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల జెర్సీతోనే దిగబోయి, చలికి తట్టుకోలేక దారిలో ఆగి తలదాచుకున్నాడు. గమ్యానికి 47 నిమిషాలు ఆలస్యంగా చేరాడు. ముందే చలి సామాను కొని పెట్టుకున్న జట్టుకు చెందిన ఆండీ హాంప్‌స్టెన్ ఆ రోజే, ముందున్నవాడికి ఇచ్చే గులాబీ జెర్సీ అందుకుని, చివరికి ఆ రేసు గెలిచిన మొదటి అమెరికన్ అయ్యాడు. ఇద్దరూ ఎక్కడంలో సమర్థులే. తేడా వచ్చింది దిగడంలో.

మరి ఏం వేసుకోవాలి? ఇక్కడ ఒక అపోహ ఉంది. మందంగా ఉన్నదే వెచ్చగా ఉంటుందనుకుంటారు. మోకాలికి కావలసింది ముందు గాలిని ఆపడం, తర్వాతే మందం. సైక్లిస్టులు వాడే ‘నీ వార్మర్’ (knee warmer) అంటే తొడ మధ్య నుంచి పిక్క పైభాగం వరకు వచ్చే గొట్టం లాంటి తొడుగు. లోపలి వైపు నూగులా మెత్తగా ఉంటుంది, వంగిన మోకాలి ఆకారానికి కుట్టి ఉంటుంది కాబట్టి చిప్ప మీద గుడ్డ పల్చబడదు, మడత వెనక ముద్దకట్టదు. పై అంచు షార్ట్స్ లోపలికి పోవాలి. బయటకు వదిలితే జారిపోతుంది, సందులోంచి గాలి దూరుతుంది. మంచివాటికి కుడి, ఎడమ వేరుగా ఉంటాయి. ఎండ ఎక్కాక ఆగి తీసి జెర్సీ జేబులో పెట్టుకోవచ్చు, మన వాతావరణానికి ఈ ఒక్క సౌకర్యమే దాని విలువ. ఉదయం ఆరింటికి 12 డిగ్రీలు ఉన్న చోట పదింటికల్లా 24, 25 అవుతుంటే నిండు టైట్స్ వేసుకున్నవాళ్లు ఉక్కపోతతో బాధపడాల్సిందే.

మన ఊళ్లలో దీనికి బదులు చాలామంది మెడికల్ షాపులో దొరికే నీ క్యాప్ వేసుకుంటారు. అది వెచ్చదనం కోసం తయారు చేసింది కాదు, కీలును పట్టి ఉంచడానికి చేసింది. కొన్నింటికి చిప్ప దగ్గర గుండ్రటి రంధ్రం ఉంటుంది, అంటే గాలి తగలకూడని చోటే తెరిచి ఉంటుంది. గట్టి ఎలాస్టిక్ మడత వెనక భాగంలో నొక్కుకుంటుంది. మోకాలికి రక్తం తెచ్చే ముఖ్యమైన నాళం వెళ్లేది ఆ గుంటలోంచే. నడకకు అది పనికిరావచ్చు. గంటకు ఐదు వేల సార్లు వంగే మోకాలికి బిగుతు పట్టీ కంటే, డాక్టర్ చెప్పి ఉంటే తప్ప, మెత్తటి తొడుగే మేలు.

కాస్త లోతుగా ఆలోచిస్తే మోకాలిని మాత్రమే కప్పి తొడను వదిలేయడం కూడా సగం పనే. మోకాలికి చేరే వేడి తొడ నుంచి దిగే రక్తంలో వస్తుంది. దారిలో తొడ చల్లబడితే అందేది చల్లటి రక్తమే. అందుకే 10 డిగ్రీల లోపు ఉన్నప్పుడు నీ వార్మర్ చాలదు. తొడ నుంచి మడమ దాకా వచ్చే లెగ్ వార్మర్లో, నడుము నుంచి మడమ దాకా వచ్చే టైట్సో అవసరం. 5 డిగ్రీల కంటే దిగితే ముందు భాగంలో గాలి చొరని పొర ఉన్న టైట్స్ కావాలి. 10, 20 మధ్య మోకాళ్లు మాత్రం కప్పుకుంటే సరిపోతుంది. 20 దాటితే ఏమీ అక్కర్లేదు, వానో, పొడవాటి దిగుడో ఉంటే తప్ప. ఈ అంకెలు అందరికీ ఒక్కటిగా వర్తించవు. సన్నగా ఉన్నవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు, పాత మోకాలి గాయం ఉన్నవాళ్లకు రెండు మూడు డిగ్రీలు పైనుంచే మొదలుపెట్టడం మంచిది.

నూలు గుడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి దేశాలకు చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన తెలుగువాళ్లు మొదటి చలికాలం జీన్స్‌తోనే సైకిల్ మీద ఆఫీసుకు, యూనివర్సిటీకి వెళ్తుంటారు. అక్కడ జనవరిలో ఐదు డిగ్రీల లోపు, తరచూ చినుకులు, ఎప్పుడూ ఏదో ఒక వైపు నుంచి గాలి. జీన్స్ గుడ్డ తడిస్తే ఆరదు, చిప్పకు అంటుకుని కూర్చుంటుంది. లోపల పల్చటి థర్మల్ లెగ్గింగ్స్, అందులోనూ ఉన్ని కలిసినవి వేసుకుంటే తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. వాన ఉన్న రోజు పైన రెయిన్ ప్యాంటు ఉండాలి, దానికి గాలిని ఆపే గుణం ఎలాగూ ఉంటుంది.

ఖర్చు పెట్టలేని వాళ్లకు దారి లేకపోలేదు. పాత సింథటిక్ లెగ్గింగ్స్ కాళ్లను మోకాలి పైకి, కిందికి వచ్చేలా కత్తిరించి అంచు కుట్టుకుంటే సగం పని అవుతుంది. దిగుడు ముందు వార్తాపత్రికను మడిచి జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకోవడం ఐరోపా రేసుల్లో పాత అలవాటు. ఎందుకంటే కాగితం గాలిని ఆపుతుంది. అదే కాగితాన్ని లెగ్గింగ్స్ లోపల చిప్ప మీద పరిచినా, పొడిగా ఉన్నంతసేపు పనిచేస్తుంది.

బామ్ రాసుకుంటే చాలనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. దానికి చరిత్ర కూడా ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచి నొప్పి అనగానే తెలుగు ఇంట్లో చేయి వెళ్లేది ఆ పసుపు సీసా మీదకే. బెల్జియం సైక్లిస్టులు కూడా చలిలో కాళ్లకు మిరప సారం కలిసిన ఘాటు లేపనం రాసుకుంటారు. ఇవి చేసేదేమిటో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, పుదీనా నుంచి వచ్చే మెంథాల్ చలిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. వీటిని గుర్తించిన పరిశోధనకు గాను డేవిడ్ జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి, 2021 నోబెల్ బహుమతి వచ్చింది. వేడి ఉందన్న కబురు మెదడుకు చేరుతుంది, కీలు లోపల ఉష్ణోగ్రత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. లేపనం చర్మానికి రక్తం లాగుతుంది, జిడ్డు పొర తడిని కాస్త ఆపుతుంది, అంతవరకు లాభమే. ప్రమాదం ఎక్కడంటే, వెచ్చగా ఉందన్న భ్రమతో తొడుగు మానేయడంలో. మెంథాల్ ఎక్కువున్నవి రాసుకుని ఎదురుగాలికి వెళ్తే చలి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. రాసుకోవాలనుకుంటే రాసుకోవచ్చు, పైన తొడుగు తప్పనిసరి.

తొడుగు ఎంత మంచిదైనా వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. అందుకే మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు ఎలా తొక్కుతారన్నది బట్టంత ముఖ్యం. ఇంట్లోనే ఐదు నిమిషాలు గుంజీళ్లో, మెట్లు ఎక్కడమో చేసి, కాళ్లు వెచ్చబడ్డాక బయటికి రావాలి. మొదట చిన్న గేర్‌లో, నిమిషానికి 85, 90 చుట్లు తిరిగేలా, పెడల్ మీద బరువు తెలియకుండా తొక్కాలి. సీటు మీంచి లేచి తొక్కడం, ఫ్లైఓవర్ కనిపించగానే పోటీ పడటం ఆ ఇరవై నిమిషాలు మానుకోవాలి. బృందంగా వెళ్లేటప్పుడు ఇది కష్టం, ముందు ఉన్నవాడి వేగమే అందరి వేగం అవుతుంది. అందుకని ఆలస్యంగా వచ్చినవాళ్లు కలుసుకోవడానికి చల్లటి మోకాళ్లతో విరుచుకుపడటం చలికాలం రైడ్లలో అన్నిటికంటే చెడ్డ అలవాటు.

బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు, తొక్కేవారికి ఈ విషయం మరీ ముఖ్యం. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. మన దగ్గర ఇవి ఎక్కువగా జరిగేది చలికాలంలోనే. దూరం పెరిగేకొద్దీ రాత్రి రెండు, మూడు గంటలప్పుడు తొక్కక తప్పదు. అప్పటికి తిండి తగ్గి, వేగం తగ్గి, ఒంట్లో వేడి తగ్గి ఉంటుంది. చెక్‌పాయింట్ దగ్గర నలభై నిమిషాలు కూర్చుని లేచేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. ఆగే సమయం తగ్గించుకోవడం, ఆగినప్పుడు మోకాళ్ల మీద జాకెట్టో, టవలో కప్పుకోవడం, లేచాక మళ్లీ పది నిమిషాలు తేలిక గేర్‌తో మొదలుపెట్టడం, ఇంతకు మించి మంత్రం లేదు.

ప్రతి నొప్పినీ చలి ఖాతాలో వేయడం కూడా పొరపాటే. చిప్ప ముందు భాగంలో నొప్పి తరచూ సీటు తక్కువగా ఉండటం వల్ల, మోకాలి వెనక నొప్పి సీటు ఎక్కువగా ఉండటం వల్ల వస్తుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల కోణంలో వంగి ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. వెచ్చటి రోజున కూడా నొప్పి అదే చోట వస్తుంటే నీ వార్మర్ కొనడం కంటే ముందు సీటు సరిచేయించుకోవాలి. రైడ్ అయ్యాక తడి తొడుగు వెంటనే తీసేసి పొడి ప్యాంటు వేసుకోవాలి. మర్నాటికి కూడా మోకాలు వాచి, పైన చెప్పినట్టు చేయి ఆనించి చూస్తే తొడ కంటే వేడిగా తగులుతుంటే, దాని మీద ఇంకా వేడి కాపడం పెట్టకూడదు. సైకిల్ పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించుకోవాలి.